బైపోలార్ రోగులకు 'మెదడు వాపు' మాత్రలా? జాగ్రత్త!

ఇటీవల మైలాపూరులో మా తెలుగు సంఘం సమావేశం ముగిశాక ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి అడిగారు. "కార్యదర్శిగారూ, మా అబ్బాయి జబ్బుకు కారణం మెదడు వాపంట. వాపు తగ్గే మాత్రలు మందుల షాపులో కొనివ్వచ్చా?" ఆ అబ్బాయికి కొన్నేళ్లుగా బైపోలార్ డిజార్డర్. లిథియం వాడుతున్నాడు. బంధువులెవరో సెల్‌ఫోనుకు పంపిన సమాచారం చదివి ఆవిడ కంగారుపడ్డారు.

మేము వైద్యులం కాము, రిటైరైన గుమాస్తాలం. అయినా విషయం తెలుసుకోకుండా జవాబు చెప్పకూడదనిపించింది. తెలుసుకున్నది మన సభ్యులందరికీ పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు మాట సంగతి. తెలుగులో మెదడువాపు అనగానే దోమకాటుతో పిల్లలకు వచ్చే జ్వరమే గుర్తొస్తుంది. ఇది అది కాదు. దెబ్బ తగిలినా, క్రిములు చేరినా శరీరం తన రక్షణ దళాన్ని లేపుతుంది. దాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. బైపోలార్ ఉన్నవారిలో ఇది పైకి కనిపించకుండా, తక్కువ స్థాయిలో ఉండవచ్చని పరిశోధకులు చెబుతున్నారు. దాని ఆనవాళ్లుగా రక్తంలో సీఆర్పీ, ఇంటర్‌లూకిన్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటివి కొలుస్తారు. ఉద్రేకం హెచ్చినప్పుడు, కుంగుబాటులో ఉన్నప్పుడు ఇవి సగటున ఎక్కువగానూ, కుదుటపడ్డాక కొంత తక్కువగానూ కనిపించాయి.

అయితే ఇది వందలమందిని కలిపి చూసిన సగటు లెక్క. సీఆర్పీ జలుబుకూ పెరుగుతుంది, చిగుళ్ల జబ్బుకూ పెరుగుతుంది, ఊబకాయానికీ, పొగతాగడానికీ పెరుగుతుంది. కాబట్టి ల్యాబు రిపోర్టు చూసి ఫలానావారికి జబ్బు తిరగబెడుతుందనో, నయమైపోయిందనో చెప్పలేం.

మరి వాపు తగ్గించే మందులిస్తే? అదీ చూశారు. పాకిస్తాన్‌లో 266 మంది బైపోలార్ కుంగుబాటు రోగులపై మినోసైక్లిన్, సెలికాక్సిబ్ పరీక్షించారు. 2020లో ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్రకన్నా మేలు కనబడలేదు. పరిశోధన సాగుతూనే ఉంది గానీ ఇంట్లో మందు మార్చుకునే దశ రాలేదు.

ఆవిడకు మేము గట్టిగా చెప్పింది ఇదే: లిథియం వాడేవారు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి, వాపు మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. లిథియం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. ఈ మాత్రలు దాన్ని పోనివ్వకుండా రక్తంలో మోతాదు పెంచుతాయి. మేలు చేసే మందే విషమవుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన చెన్నై ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా ఇదే ప్రమాదం.

అలాగని లిథియానికి భయపడి ఆపేయకూడదు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని గుణం ప్రకటించినప్పటి నుంచి లక్షలమందిని నిలబెట్టిన మందు ఇది. హఠాత్తుగా మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. సీఆర్పీకి పెట్టే డబ్బు, డాక్టరు చెప్పిన లిథియం మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలకు పెట్టండి.

మా గుమాస్తా బుద్ధితో ఇంకో సలహా. ఒక ఫైలు పెట్టండి. తేదీ వేసి, ఎన్ని గంటలు నిద్రపోయాడు, మాత్ర వేసుకున్నాడా, ఖర్చు, కోపం పెరిగాయా అని రోజుకో వరుస రాయండి. నిద్ర తగ్గడం చాలామందిలో తొలి హెచ్చరిక. వేరే జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఆ ఫైలు చూపించి, లిథియం వాడుతున్నాడని ముందే చెప్పండి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు 200 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఈ జబ్బు బారిన పడినవారే. అందులో చికిత్స అందనివారు చాలా ఎక్కువ. పరువు పోతుందని దాచడమూ ఒక కారణమే. కీళ్పాక్కంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. తమిళంలో చెప్పుకోలేని పెద్దలు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఆసుపత్రికి తోడు కావాలంటే సంఘంలో ఎవరినైనా అడగండి. వెంట వస్తాం, విన్నది బయట చెప్పం.