స్తంభశాల నిర్మాణము: సామగ్రి ఎంపిక

పందిరి వేయడం మన పల్లెల్లో తెలియనివారుండరు. నాలుగు గుంజలు పాతి, వాటిపై వాసాలు పరచి, తాటాకు కప్పితే పెండ్లికైనా సభకైనా చోటు సిద్ధమవుతుంది. పందిరి అన్నా, షామియానా అన్నా సూత్రమొక్కటే. గోడతో పని లేకుండా కప్పు బరువును స్తంభమే మోసి భూమికి అప్పగిస్తుంది. ఈ సూత్రాన్ని శాశ్వతమైన కట్టడానికి అన్వయించి అమెరికా రైతులు తమ ధాన్యానికీ, పశువులకూ, యంత్రాలకూ శాలలు కట్టుకొన్నారు. వాటిని వారు మొదట 'పోల్ బార్న్' అన్నారు. నేటి ఇంజనీర్లు 'పోస్ట్ ఫ్రేమ్' అంటున్నారు. మనం స్తంభశాల అందాము.

1930 దశకంలో అమెరికా వ్యవసాయం ఆర్థిక మాంద్యంలో చిక్కుకొని ఉన్నప్పుడు, తక్కువ ఖర్చుతో శాలలు కట్టే మార్గాన్ని అన్వేషించిన హోవర్డ్ డోన్, బెర్నాన్ పెర్కిన్స్ అనే ఇద్దరికి ఈ పద్ధతిని రూపొందించిన ఖ్యాతి దక్కింది. నిడుపాటి పునాది గోడ అక్కరలేదు. స్తంభాలను నేలలో లోతుగా పాతి, వాటి తలలపై త్రికోణాకారపు దూలకట్లను నిలిపి, స్తంభానికీ స్తంభానికీ అడ్డపట్టీలు కొట్టి, పైన రేకు కప్పుతారు. అందువలన ఇటుక, సిమెంటు, కూలి మూడూ కలిసివస్తాయి.

సైకిళ్ల షెడ్డు, పనిముట్ల శాల, భోజనశాల వంటి అవసరాలు ప్రతి కళాశాలకూ ఉంటాయి. నిధులు మాత్రం ఎక్కడా సమృద్ధిగా ఉండవు. కనుక ఇట్టి కట్టడం వైపు కమిటీల దృష్టి పోవడం సహజం. అయితే చౌకలో మరింత చౌకను వెదికితే ఏమి జరుగుతుందో నేను బాల్యంలోనే చూచాను. నేను చదువుకొన్న బడిలో ఒక రేకుల పాక ఉండేది. మధ్యాహ్నం పిల్లలమంతా అందులోనే అన్నం తినేవారం. ఒక వేసవి సాయంత్రం గాలివాన వచ్చి అది నిలువునా కూలింది. ఆదివారం కావడం వలన ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. మరునాడు వెళ్లి చూస్తే రేకులు బాగానే ఉన్నవి, వాసాలు బాగానే ఉన్నవి. గుంజలు మాత్రం నేలమట్టానికి బెత్తెడు కింద విరిగి ఉన్నవి. ఆ చోట కర్రను వేళ్లతో నలిపితే పొడి అయినది. వింత ఏమిటంటే, ఇంకా లోతున ఉన్న అడుగుకొస గట్టిగానే ఉన్నది. దీనికి కారణం చాలా ఏండ్ల తరువాత గాని నాకు బోధపడలేదు.

స్తంభము

కర్రను కుళ్లబెట్టేది శిలీంధ్రం. అది బ్రతకడానికి తేమా కావాలి, గాలీ కావాలి. నేలకు పైన గాలి ఉన్నది గాని తేమ నిలవదు. బాగా లోతున తేమ ఉన్నది గాని గాలి చాలదు. రెండూ కలిసి దొరికే చోటు నేలమట్టమే. పైగా గాలి తోపునకు స్తంభం అధికంగా వంగే ప్రదేశం కూడా అదే చుట్టుపక్కల ఉంటుంది. బలం ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే క్షయం మొదలవుతుందన్నమాట. చెదలు కూడా నేలలోనుండే ఎక్కుతాయి.

కనుక స్తంభాన్ని ఎంచేటప్పుడు మొదట చూడవలసింది చేవ. టేకు వంటి వృక్షాల నడిమి భాగమైన చేవకు కుళ్లును తట్టుకొనే గుణం స్వభావసిద్ధంగా ఉన్నది. చేవ చుట్టూ ఉండే తెల్లని లేతకర్రకు ఆ గుణం లేదు. ఎంత గొప్ప జాతి కర్ర అయినా లేతకర్ర ఎక్కువగా ఉంటే నేలలో పాతడానికి పనికిరాదు. అయితే లేతకర్రకు మరొక గుణం కలదు. అది మందును చక్కగా పీల్చుకొంటుంది. అమెరికావారు మందు బాగా ఎక్కే పైన్ కర్రను ఎంచుకోవడంలోని రహస్యమిదే. అక్కడ ఆరంగుళాల చదరపు స్తంభాలే గాక, మూడు నాలుగు పలకలను మేకులతోనో జిగురుతోనో జతచేసిన కూర్పు స్తంభాలు కూడా వాడుతారు. ఒకే మొద్దు ఎండేకొద్దీ మెలితిరిగి పగులుతుంది. కూర్పు స్తంభంలో ఒక పలకలోని లోపాన్ని ప్రక్క పలక సర్దుకొంటుంది. నేలలోకి దిగే భాగానికి మాత్రమే మందెక్కిన పలకలు వాడి, పైన మామూలు పలకలు కలిపితే ఖర్చు కూడా తగ్గుతుంది.

మందు

ఇక్కడ మనవారొకరిని స్మరించుకోవాలి. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ సమ్మేళనంతో ఒక మందును కనిపెట్టారు. ఆర్సెనిక్, రాగి అనే రెండు మూలకాల సంకేతాలను కలిపి దానికి 'ఆస్కు' అని పేరు పెట్టారు. రాగి శిలీంధ్రాన్ని అణచుతుంది. ఆర్సెనిక్ చెదలను చంపుతుంది. క్రోమియం ఆ రెండింటినీ కర్రలో స్థిరపరచి, వానకు కొట్టుకొనిపోకుండా చేస్తుంది. ప్రపంచమంతటా టెలిఫోను స్తంభాలనూ, అమెరికా స్తంభశాలలనూ దశాబ్దాల తరబడి నిలబెట్టినది ఈ మందే.

ఇది పైపూతగా పనిచేసే మందు కాదు. కర్రను ఉక్కు తొట్టిలో పెట్టి మూసి, మొదట లోపలి గాలిని తోడివేసి, తరువాత ఒత్తిడితో మందును లోనికి ఎక్కిస్తారు. కట్టడపు బరువు మోసే స్తంభంలో ఘనపు అడుగుకు 0.60 పౌను, అంటే ఘనపు మీటరుకు సుమారు 9.6 కిలోల మందు నిలవాలని అమెరికా ప్రమాణం. కర్ర పైన తారు పూసి పాతడం మనకు అలవాటు. కర్ర ఎండి బీట విచ్చినప్పుడు ఆ పూత కూడా విచ్చుతుంది. ఆ సందులోనుండి తేమ దూరుతుంది. మందెక్కిన స్తంభాన్ని కోస్తే, కోసిన కొస నేలలోకి పోరాదు. మందు నిండుగా అందని లోపలి భాగం అక్కడ బయటపడుతుంది.

ఆర్సెనిక్ విషమన్న సంగతి మరువరాదు. 2003 చివరి నుండి అమెరికాలో నివాసగృహాల పనులకు ఈ మందెక్కిన కర్రను మానివేశారు. పొలాల శాలల స్తంభాలకు మాత్రం మినహాయింపు ఉన్నది. ఇట్టి కర్రతో భోజనపు బల్లలు చేయరాదు. మిగిలిన ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. కాల్చినా ఆర్సెనిక్ నశించదు, పొగలోనూ బూడిదలోనూ చేరుతుంది.

కర్ర ధర భరించలేనిచోట ఇనుప గొట్టాలో, సిమెంటు కాంక్రీటు స్తంభాలో వాడడం మన ప్రాంతాల్లో సాధారణం. ఇనుముకు కుళ్లు లేదు గాని తుప్పు ఉన్నది. అదీ నేలమట్టం వద్దనే మొదలవుతుంది. అందువలన నేలకు పైకి లేచిన కాంక్రీటు దిమ్మెపై పలక వేసి, బోల్టులతో బిగించడం మేలు. కాని ఒక తేడా గమనించాలి. లోతుగా పాతిన స్తంభం తనంతట తానే పక్కతోపును తట్టుకొంటుంది. దిమ్మెపై తేలికగా బిగించినది బందు మీది తలుపువలె ఒరగవచ్చు. దానికి ఏటవాలు బందనాలు తప్పనిసరి.

గాలి లెక్క

కప్పు కింద పడకుండా మోయడమే స్తంభం పని అని చాలామంది భావిస్తారు. రేకుల శాల విషయంలో కప్పు పైకి లేవకుండా పట్టి ఉంచడం అంతకన్నా పెద్ద పని. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875, మూడవ భాగంలో గాలి మూలవేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు. వేగపు వర్గాన్ని 0.6తో గుణిస్తే ఒత్తిడి చదరపు మీటరుకు న్యూటన్లలో వస్తుంది. హైదరాబాదుకు సుమారు 1162, విశాఖకు 1500. కిలోలలో చెప్పుకొంటే దాదాపు 118, 153. వేగం నూటికి 14 వంతులు పెరిగితే ఒత్తిడి నూటికి 29 వంతులు పెరిగినది. కట్టడపు ఎత్తునూ ఆకారాన్నీ బట్టి ఈ అంకెలు మారుతాయి. అర మిల్లీమీటరు ఉక్కురేకు బరువు మాత్రం చదరపు మీటరుకు నాలుగైదు కిలోలే. ఇక రేకును ఎవరు పట్టుకోవాలి? మూడువైపుల మూసి ఒకవైపు తెరచిన శాలలో గాలి లోపల దూరి కప్పును పైకి నెట్టుతుంది. పైనున్న గాలి అదే కప్పును పీల్చుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపానును చూచినవారికి ఈ లెక్కను వేరుగా వివరించనక్కరలేదు.

కనుక పాదాన్ని కనీసం నాలుగడుగుల లోతుకు దించడం అమెరికాలో వాడుక. నేల మెత్తనైనకొద్దీ, శాల ఎత్తయినకొద్దీ లోతు పెరగాలి. గుంట అడుగున కాంక్రీటు దిమ్మె వేస్తే స్తంభం దిగబడదు. స్తంభపు కింది భాగానికి అడ్డకమ్మీలు దూర్చి చుట్టూ కాంక్రీటు పోస్తే ఊడిరాదు. ఆ కాంక్రీటు పైతలం బయటికి వాలుగా ఉండి నీరు నిలవకుండా చూడాలి.

కప్పు, మరలు

రేకు మందాన్ని గేజీలలో చెప్పేటప్పుడు అంకె పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మందంతో పాటు జింకు పూత ఎంతో కూడా అడగాలి. చదరపు మీటరుకు రెండువైపుల కలిపి 120 గ్రాముల పూతకూ, 275 గ్రాముల పూతకూ ఆయుర్దాయంలో చాలా భేదమున్నది, ముఖ్యంగా సముద్రతీరంలో. ఆస్బెస్టాస్ రేకులు చౌక అయినా, కోసేటప్పుడూ పగిలినప్పుడూ లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. పిల్లలు మసలే చోట వాటిని వాడకపోవడమే ఉచితం.

రాగి కలిసిన మందు తాకిన చోట సాధారణపు మేకు త్వరగా తుప్పుపడుతుంది. అక్కడ కరిగిన జింకులో ముంచి తీసిన మేకులు గాని, స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు గాని వాడాలి. రేకు మరల కింద ఉండే రబ్బరు బిళ్ల నీటిని ఆపుతుంది. అతిగా బిగిస్తే బిళ్ల చితుకుతుంది, వదులుగా ఉంటే కారుతుంది. ఒక్కొక్క మర విలువ స్వల్పమే. గాలి వేళ రేకును పట్టుకొనేది అదే.

కమిటీకి విన్నపము

శాల కట్టించే ముందు గుత్తేదారును అయిదు ప్రశ్నలడగండి. స్తంభానికి ఏ మందు, ఎంత మోతాదులో ఎక్కినది? పాదం లోతెంత, అది పైకి లేవకుండా పట్టేదేమిటి? ఏ గాలివేగానికి లెక్క కట్టారు? రేకు మందం, పూత ఎంత? దూలకట్టును స్తంభానికి, స్తంభాన్ని భూమికి కలిపే ప్రతి అతుకునూ ఇంజనీరు చూచాడా? ఈ అయిదింటికి వ్రాతపూర్వకమైన సమాధానం వచ్చిన తరువాతనే ధర విషయం మాట్లాడండి.

ఆనాటి పాకలో గుంజలను ఎవరూ పరీక్షించలేదు. రేకులు కొత్తవి కావడంతో అందరూ సంతృప్తి చెందారు. ఏడాదికొకసారి వానలకు ముందు నేలమట్టం వద్ద మట్టి తీసి, మొలతో గుచ్చి చూస్తే చాలు. మొల మెత్తగా దిగితే ఆ స్తంభాన్ని మార్చవలసిందే. ఇది విద్యార్థులే చేయదగిన పని. ఆ కప్పు కింద కూర్చునేది వారే కదా!