కుక్క పడుకునే గోనెలో ఏముంది?

పిల్లలూ! మీ ఇంట్లో కుక్క ఉందా? ఉంటే అది ఎక్కడ పడుకుంటుందో ఒకసారి వెళ్ళి చూడండి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు చాలా ఇళ్ళలో వసారాలో పరచిన గోనెసంచో, పాత చీరల బొంత ముక్కో దాని పరుపు. కుక్కకు ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళు పోస్తారు. గోనెకు మాత్రం ఎవరూ పోయరు. కొన్నాళ్ళకు ఇంట్లోవాళ్ళ కాళ్ళ మీద దద్దుర్లు లేస్తాయి. "ఈ కుక్కను ఊరవతల వదిలేసి రండి" అంటుంది అవ్వ. పాపం, కుక్క ఏం చేసింది? గోనెను అడగాలి.

అడగడం ఎలాగంటారా? తెల్ల కాగితం ఒకటి తడిపి నేల మీద పరవండి. దాని మీద గోనెను దులపండి. మిరియాల పొడిలా నల్లని నలకలు రాలతాయి. కాసేపు ఆగండి. నలక చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరక వ్యాపించిందా? అయితే అది మట్టి కాదు, మిన్నల్లి రెట్ట! మీ కుక్క రక్తమే మిన్నల్లి కడుపులో జీర్ణమై, ఎండి అలా మారింది.

మిన్నల్లి రెక్కలు లేని పురుగు. పొడవు 2, 3 మిల్లీమీటర్లే. కానీ తన పొడవుకు ఎన్నో రెట్లు ఎత్తు గెంతుతుంది. దాని ఒంట్లో రెసిలిన్ అనే రబ్బరులాంటి పదార్థం ఉంది. గెంతే ముందు అది నొక్కుకుని, వదలగానే వడిసెల రాయిలా పురుగును విసురుతుంది. 1967లో బెనెట్-క్లార్క్, లూసీ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతి వివరించారు.

పెద్ద మిన్నల్లి కుక్క బొచ్చులోనే ఉంటుంది. అయితే ఆడది రోజుకు 40 దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు నున్నగా ఉంటాయి, వెంట్రుకలకు అంటుకోవు. కుక్క ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటే అక్కడ రాలిపోతాయి. కొద్ది రోజుల్లో వాటిలోంచి సన్నని డింభకాలు పుడతాయి. వాటి తిండి ఏమిటో తెలుసా? ఇందాక మీరు కాగితం మీద చూసిన నల్లని నలకలే! తల్లి పైనుంచి అన్నం రాల్చినట్టన్నమాట. తరువాత డింభకం పట్టుగూడు అల్లుకుని, దానికి దుమ్ము అంటించుకుని దాక్కుంటుంది. గూట్లోని పురుగు నెలల తరబడి కూడా ఆగగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి తగిలితే చటుక్కున బయటికి వస్తుంది. తాళం వేసిన ఇల్లు తీయగానే మిన్నల్లులు మీదపడేది ఇందుకే.

దద్దుర్లతోనే అయిపోతే బాగుండును. ఒక రకం బద్దెపురుగు గుడ్లను ఈ డింభకాలు మింగుతాయి. ఆ మిన్నల్లిని కుక్క కొరికి మింగితే దాని కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. కుక్కతో ఆడుకునే చిన్నపిల్లలు పొరపాటున మింగినా అంతే.

కాబట్టి వారానికోసారి పరుపు ఉతకాలి. ఎందుకు వారం? గుడ్డు గూటిదాకా చేరేలోపే దాన్ని పట్టుకోవాలి గనుక.

ఇక్కడొక చిక్కుంది. మన బోరునీళ్ళు చాలాచోట్ల కఠిన జలం. ఒక సీసాలో వాననీరు, ఒక సీసాలో బోరునీరు పోసి, రెండింటిలో ఒకే అంత సబ్బు తురుము వేసి కుదపండి. వాననీటిలో నురగ పొంగుతుంది. బోరునీటిలో తెల్లని తెట్టు తేలుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని పదార్థం ఏర్పడుతుంది. అదే ఆ తెట్టు. గోనె పీచుల్లో అది ఇరుక్కుంటే మురికి పోయేదెలా? నీళ్ళు మరిగిస్తే కాఠిన్యం కొంత తగ్గుతుంది. కాగు అడుగున పట్టే తెల్లని పొర అదే. మిగిలింది పోవాలంటే కొంచెం చాకలిసోడా వేయాలి. డిటర్జెంటు పొడికి ఈ బాధ తక్కువ. కానీ బాగా జాడించకపోతే కుక్క ఒళ్ళు దురద పెడుతుంది.

(ఫ్లోరైడు సంగతి వేరు. ఈ ప్రాంతపు నీటిలో ఉన్న ఆ కీడు మరిగించినా పోదు. ఉతకడానికి దాంతో ఇబ్బంది లేదు. తాగడానికి మాత్రం మీరు తాగే మంచినీళ్ళే కుక్కకూ పెట్టండి.)

నీటి కరువు ఊళ్ళలో ముందు పొడిగా దులపడం మేలు. వీధిలోకి తీసుకుపోయి కర్రతో కొట్టి, బొచ్చు ఏరేయాలి. తరువాత 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో పావుగంట నానితే గుడ్లు, డింభకాలు చస్తాయి. థర్మామీటరు లేదా? 100 డిగ్రీల మరిగే నీరు ఒక చెంబు, 30 డిగ్రీల చన్నీళ్ళు ఒక చెంబు కలిపితే 65 వస్తుంది. బక్కెట్టు, గుడ్డ కొంత వేడిని లాగేస్తాయి గనుక మరిగేనీరు కాస్త ఎక్కువే పోయాలి. ఈ పని పెద్దవాళ్ళ చేతే చేయించండి.

గొంగళి అయితే వేడినీళ్ళ జోలికి పోకండి. ఉన్ని పోగుల మీది సన్నని పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గొంగళి ముడుచుకుపోతుంది. దులిపి, ఎండలో వేస్తే చాలు. మిన్నల్లి డింభకాలకు తేమ కావాలి. పొడిగాలి, 35 డిగ్రీలు దాటిన వేడి వాటికి పడవు. మన వేసవి ఎండ ఊరికే వచ్చే మందు! మార్కాపురం పలకల రాయి పరచిన అరుగుంటే ఇంకా మంచిది, నల్లని రాయి గాలికంటే బాగా వేడెక్కుతుంది. మధ్యలో ఒకసారి తిరగేయడం మరవకండి. నీడనున్న వైపున అవి బతికిపోతాయి.

కుక్క మూత్రం పోసిన గుడ్డ మీద బ్లీచింగు పొడి చల్లకండి, విషవాయువు పుడుతుంది. ముందు ఉత్త నీళ్ళతో జాడించాలి. పరుపులో కలరా ఉండలు పెట్టడం కూడా కుక్కకు, పిల్లికి ప్రమాదమే. ఒంటి మీది మిన్నల్లులకు మందు పశువైద్యుణ్ణి అడిగి వాడాలి. కుక్కల మందు పిల్లికి పూయకూడదు. వాటిలో కొన్ని పిల్లిని చంపేస్తాయి.

ఇక గోమార్లు, అంటే పిడుదులు. ఇవి గెంతవు, పట్టుకుని వేలాడతాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్కను వదిలి గోడ పగుళ్ళలోకి పాకి, అక్కడ వేల గుడ్లు పెడుతుంది. గోనె ఎంత ఉతికినా ఇవి పోవు. వీటికోసం వసారా గోడ పగుళ్ళు పూడ్చి సున్నం కొట్టాలి.