కాలేయవ్యాధియు కాయకష్టమును

ఇటీవల మన సంఘసభ్యులలో నొకరు రక్తదానము చేయబోగా, వారి రక్తమున హెపటైటిస్ బి వైరసు ఉన్నదని తెలిసినది. వారికి జ్వరము లేదు, నొప్పి లేదు, కన్నులు పచ్చబడలేదు. అయినను ఇంటివారు భయపడి, వారిని మంచము దిగనీయక, ఉన్న నాలుగెకరములను కౌలునకిచ్చుటకు సిద్ధపడిరి. కాలేయము చెడినవాడు కష్టపడరాదను మాట పల్లెలలో బాగుగా నాటుకొని యున్నది. అందలి నిజానిజములను సభ్యులకు విన్నవింప దలచితిమి.

పూర్వము వైద్యులు సైతము కామెల రోగికి పూర్ణవిశ్రాంతిని విధించెడివారు. కొరియా యుద్ధకాలమున జపానులోని క్యోటో నగరమందు, కామెల సోకిన అమెరికా సైనికులలో కొందరిని మంచమునకే కట్టడిచేసి, మరికొందరిని భోజనానంతరము కొంతసేపు పరుండజేసి తక్కినవేళ ఇష్టానుసారము తిరుగనిచ్చి పరీక్షించిరి. తిరిగినవారు పరుండినవారితో సమానముగనే కోలుకొనిరని థామస్ చాల్మర్స్ అను వైద్యుడును ఆయన సహచరులును 1955లో ప్రకటించిరి. అది క్రొత్తగా సోకిన కామెలను గూర్చిన మాట. ఏండ్ల తరబడి నిలిచియుండు బి, సి వ్యాధులలో ఊరక పరుండుట వలన నష్టమే కలదు. కండ కరగును; ఒడలు పెరిగి కాలేయమున కొవ్వు చేరును; వైరసునకు కొవ్వు తోడైనచో కాలేయము త్వరగా గట్టిపడును. అదియుగాక, రక్తములోని అమ్మోనియా అను విషమును తొలగించుటలో కండ కాలేయమునకు తోడిపనివాని వంటిది.

కావున వ్యాధి ముదురనివారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు, మాటాడగలిగియు పాట పాడలేనంతటి శ్రమ చేయుట మేలు. వడిగా నడచుట, కలుపుతీయుట ఇట్టివే. అలసట యున్నవారు కొద్దిగా నారంభించి క్రమముగా పెంచుకొనవలెను.

అయితే కాలేయము గట్టిపడినవారి సంగతి వేరు. వారికి అన్నవాహికలోని నరములు ఉబ్బియుండవచ్చును. బస్తాలెత్తునపుడు ఒత్తిడి హెచ్చి అవి చిట్లు ప్రమాదము కలదు. వైద్యుని అడుగక వారు బరువులు మోయరాదు, ఉపవాసములు చేయరాదు. రక్తపువాంతి, నల్లని విరేచనము, మతి తడబాటు కనబడినచో తక్షణము ఆసుపత్రికి పోవలెను.

శ్రమ వైరసును చంపదు. మందునకు మందే కావలెను. 2018లో నారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో ఈ వ్యాధులకు పరీక్షలును మాత్రలును ఉచితము. సి వ్యాధి సాధారణముగా 12 వారముల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమగును. బి వ్యాధి చాలమందికి పూర్తిగా పోదు గాని అణగియుండును; దాని మాత్రలను వైద్యుని అనుమతి లేక మానరాదు. సారాయిని పూర్తిగా విడువవలెను. ఏమి కలిపినదో తెలియని పసరులను మ్రింగరాదు.

కలిసి భుజించుటవలనను, ఒకే చేనిలో పనిచేయుటవలనను ఈ వ్యాధులు అంటవు. ఒకరు వాడిన బ్లేడును, సూదిని మరియొకరు వాడరాదు. బి వ్యాధి గలవారి ఇంటివారు పరీక్ష చేయించుకొని, వ్యాధి లేనివారు టీకా వేయించుకొనవలెను. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపల టీకా వేయింపవలెను.

మన సభ్యుని కాలేయము గట్టిపడలేదని పరీక్షలో తేలినది. ఆరుమాసములకొకమారు వచ్చి చూపించుకొనుమనియు, పని మానవలదనియు వైద్యులు చెప్పిరి. కౌలుమాట ఆగిపోయినది. ఇట్టి భయముతో మంచము పట్టినవారు మీ యూరనున్నచో, మొదట వారిని పరీక్షకు తోడుకొని పొండని మా మనవి.