ఆవిరి చిమ్మని ఇంజను

వేసవికాలమున కొండదారి నెక్కుచు నడుమ నిలిచిపోయిన మోటారుబండిని చూడనివారు అరుదు. దాని మూత ఎత్తియుండును. రేడియేటరు నుండి ఆవిరి బుసలు కొట్టుచుండును. డ్రైవరు నీళ్ళడబ్బాతో ప్రక్కన నిలిచి, అది చల్లారుటకై వేచియుండును. చూచువారికి అది పెద్ద చిక్కుగా తోచును గాని, నిజమునకు ఆ ఆవిరి మేలుచేయు హెచ్చరిక. ఇంజను మితిమీరి వేడెక్కినదని అది అందరికిని చాటుచున్నది. మరి నీరే లేని ఇంజను తన వేడిని ఎట్లు తెలుపగలదు?

అట్టి ఇంజను గల కార్లలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్. దాని గుండ్రని ఆకారమును బట్టి జనులు దానికి 'బీటిల్' అని పేరుపెట్టిరి. బీటిల్ అనగా పెంకుపురుగు. ఫెర్డినాండ్ పోర్షే అను ఇంజనీరు 1930 తరువాతి సంవత్సరములలో దీనిని రూపొందించెను. 2003 జూలైలో మెక్సికో దేశమునందలి ప్యూబ్లా కర్మాగారమున చివరి బండి వెలువడునప్పటికి, రెండుకోట్ల పదునైదు లక్షలకు పైగా బీటిల్ కార్లు తయారైనవి. పాతబండ్లయందు ప్రీతిగలవారు నేటికిని అనేక దేశములలో వానిని నడుపుచున్నారు.

ఈ కారులో ఇంజను వెనుకభాగమున నుండును. నాలుగు సిలిండర్లు ఇరుప్రక్కల రెండేసి చొప్పున పరుండియుండును. మన వీధులలో తిరుగు పెక్కు మోటారు సైకిళ్ళ సిలిండర్లపై పలుచని లోహపు రెక్కలు వరుసగా కనబడును గదా! ఇచటను అట్టి రెక్కలే కలవు. మోటారు సైకిలు ఇంజను ఎదురుగాలికి తెరచియుండును గనుక దానికి వేరొక సాధనము అక్కరలేదు. మూతక్రింద, వెనుక దాగియున్న ఈ ఇంజనుకు మాత్రము ఎదురుగాలి చాలదు. కావున ఒక పంకా గాలిని పీల్చి, రేకుల గొట్టముల గుండ సిలిండర్ల మీదికి నెట్టును. మంచుదేశములలో గడ్డకట్టుటకు గాని, ఎండలో మరుగుటకు గాని ఇందు నీరు లేదు. ఇది గొప్ప సౌకర్యమే. కాని నీటితోబాటు ఆవిరి హెచ్చరికయు పోయినది. తొలినాటి బండ్లలో పెట్రోలు ఎంత మిగిలినదో తెలుపు ముల్లు సైతము లేదు. ఇక ఇంజను వేడిని తెలుపు ముల్లు సంగతి చెప్పనేల?

అయినను డ్రైవరు ఎదుట ఒక చిన్న ఎఱ్ఱదీపము కలదు. విద్యుత్తును పుట్టించు డైనమో పనిచేయనిచో అది వెలుగును. ఇతర కార్లలో డైనమో మాత్రమే చెడి ఈ దీపము వెలిగినచో అంతగా భయపడనక్కరలేదు. బ్యాటరీ బలముతో కొంతదూరము పోవచ్చును. బీటిల్ కారులోనో, పంకాయు డైనమోయు ఒకే ఇరుసుపై తిరుగును. వానిని త్రిప్పునది ఒకే బెల్టు. అది తెగినచో దీపము వెలుగును, ఆ క్షణముననే గాలియు ఆగును. ఇంజను మాత్రము ఏమియు జరుగనట్లే పరుగెత్తుచుండును! దీపము సంగతి ఇల్లు చేరిన పిమ్మట చూతమనుకొన్న డ్రైవరు, ఇల్లు చేరకమునుపే ఇంజనును పోగొట్టుకొనును. ఎఱ్ఱదీపము కనబడగానే బండిని ప్రక్కకు తీసి ఆపి, బెల్టును పరీక్షింపవలెను. తెలిసినవారు మరియొక బెల్టును బండిలో ఉంచుకొనక ప్రయాణము చేయరు.

బెల్టు చక్కగా నున్నను వేడి పెరుగుటకు కారణములు వేరే కలవు. బరువు హెచ్చవచ్చును. రేకులు ఊడవచ్చును. గాలిదారిలో చెత్త చేరవచ్చును. అందుచే శ్రద్ధగలవారు ఉష్ణమాపకములను అమర్చుకొందురు. కొందరు నూనె వేడిని కొలుతురు. ఈ ఇంజనులోని నూనె రెండున్నర లీటర్లు మాత్రమే. రాపిడిని తగ్గించుటయే గాక, లోపలి వేడిని మోసికొనిపోవు పనియు దానిదే. సాధారణముగ నూనె 80 నుండి 110 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు ఉండవచ్చును. 120 దాటినచో జాగ్రత్తపడవలెను. ఏలయన మిక్కిలి వేడెక్కిన నూనె పలుచబడి, లోహమునకు లోహమునకు నడుమ నిలువజాలదు. అయితే నూనెముల్లు మందగతి గలది. పొయ్యి పెద్దమంట పెట్టినంతనే కాగులోని నీరు మరుగదు గదా!

వెంటనే తెలుపునది సిలిండరు తలభాగపు వేడి. పెట్రోలు మండుచోటు అదియే. అచటి వేడిని కొలుచుటకు స్పార్కు ప్లగ్గు క్రింద ఒక లోహపు ఉంగరము నుంచుదురు. దానికి రెండు వేర్వేరు లోహముల తీగలు అతికియుండును. అట్టి అతుకును వేడిచేసినచో స్వల్పమైన విద్యుచ్ఛక్తి పుట్టునని 1821లో సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనిన విషయము ఇచట ఉపయోగపడినది. ఆ విద్యుత్తే ముల్లును కదల్చును, బ్యాటరీతో పనిలేదు. ఇందొక మెలిక కలదు. ఈ తీగలు తెలుపునది వేడిని గాదు, రెండు కొనలకు గల వేడిభేదమును. ముల్లుండు కొన 20 డిగ్రీలలో నున్నదని తలచి అంకెలు వేసిరనుకొనుడు. ఎండలో నిలిచిన బండిలో అది 40 డిగ్రీలకు చేరెను. అప్పుడు ముల్లు 200 అని చూపినను అసలు వేడి 220 అగును. ఈ భేదమును తనంతట తానే సవరించుకొను పరికరములును కలవు గాని, లేనివాని విషయమున ఈ లెక్క మరువరాదు.

ఉంగరమును ఏ సిలిండరుకు తొడుగవలెననుట మరియొక ప్రశ్న. పాత ఇంజనులలో నూనెను చల్లార్చు పరికరము పంకాపెట్టె లోపల, మూడవ సిలిండరుకు వచ్చు గాలిదారిలో నుండెడిది. కావున ఆ సిలిండరుకు అందునది అప్పటికే వెచ్చబడిన గాలి. నాలుగింటిలో మొదట చెడునది అదియే యని మెకానిక్కులు ఎఱుగుదురు. 1970 తరువాత వచ్చిన ఇంజనులలో ఆ పరికరమును వేఱుగా జరిపి, దానికి ప్రత్యేకముగ గాలిదారి నేర్పఱచిరి. పాతదానికి కొలత పెట్టువాడు మూడవదానికే పెట్టవలెను. చల్లని సిలిండరుపై నుంచిన ముల్లు అబద్ధమాడదు గాని, అడుగవలసినవానిని అడిగినట్లు గాదు.

ఇప్పుడు ఈ బండి కొండ నెక్కుచున్నదని తలపుడు. ఇంజనుకు శ్రమ తగ్గించితిననుకొని డ్రైవరు పై గేరులోనే నడుపుచున్నాడు. ఇంజను మెల్లగ తిరుగుచున్నది. దానితోబాటు పంకాయు మెల్లబడినది. బరువు మాత్రము తగ్గలేదు. సిలిండరు ముల్లు పైకి ప్రాకుచున్నది. నూనెముల్లు ఇంకను కదలలేదు. ఆతడు క్రింది గేరునకు మార్చును. ఇంజను మ్రోత హెచ్చును, పంకా వడిగా తిరుగును, గాలి బలముగా వీచును. కొద్దిసేపటిలో మొదటి ముల్లు దిగుట మొదలిడును. నూనెముల్లు మాత్రము గడచిన శ్రమకు ఫలితముగా ఇప్పుడిప్పుడే కొంత పైకి జరుగుచుండును.