పిల్లలు కలగడం లేదా? డాక్టరును ఎప్పుడు కలవాలి?

పెళ్ళయి ఆరు నెలలు తిరగకముందే మన ఇళ్ళల్లో వినబడే మొదటి ప్రశ్న, "ఏమ్మా, విశేషమేమైనా వుందా?" అని. ఏడాది దాటితే ఆ ప్రశ్న గుసగుసగా మారుతుంది. రెండేళ్ళయ్యేసరికి లోపం కోడలిదేనని ఇరుగుపొరుగు తీర్పు కూడా చెప్పేస్తారు. ఈ ఒత్తిడికి తట్టుకోలేక కొందరు మూడు నెలలకే కంగారుపడి ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు. మరికొందరు పదేళ్ళపాటు మొక్కులూ, నాగప్రతిష్ఠలూ, నాటుమందులూ అన్నీ అయ్యాక, వయసు మీరి వస్తారు. రెండూ మంచిది కాదు. మరి ఎప్పుడు రావాలి?

ఏడాది లెక్క

భార్యాభర్తలు కలిసి కాపురం చేస్తూ, గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా 12 నెలలు గడిచినా నెల తప్పకపోతే డాక్టరును కలవాలి. ఆరోగ్యంగా వున్న నూరు జంటల్లో ఎనభైకి పైగా జంటలకు ఏడాదిలోపే గర్భం వస్తుంది. మిగిలినవారిలో దాదాపు సగం మందికి రెండో ఏట వస్తుంది. కనుక మూడు నెలలకే దిగులుపడనక్కరలేదు.

ఇక్కడొక మెలిక వుంది. మా కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల నుంచి ఎందరో మగవాళ్ళు హైదరాబాదుకో, బెంగుళూరుకో పనులకు వెళ్ళి పండుగకూ పబ్బానికీ ఇంటికొస్తుంటారు. పెళ్ళయి మూడేళ్ళయిందంటారు గాని, కలిసి వున్నది మొత్తం మూడు నెలలు కూడా వుండదు! లెక్కపెట్టవలసింది పెళ్ళయిన ఏళ్ళు కాదు, కలిసివున్న నెలలు. నెలనెలా సరిగా బహిష్టు అయ్యే స్త్రీకి, తరువాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. ఆ అండం ఒక్క రోజు మాత్రమే బ్రతుకుతుంది. వీర్యకణాలు అయిదు రోజుల వరకు బ్రతకగలవు. అందుచేత ఆ రోజుల్లో దంపతులు కలిసి వుండేటట్లు చూసుకోవాలి. రెండు మూడు రోజులకొకసారి కలుస్తూవుంటే తేదీలు గుణించుకునే బాధ కూడా వుండదు.

ఏడాది ఆగకూడని వారు

స్త్రీకి 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలు చూసి రావాలి. 40 దాటితే అసలు ఆగకుండా రావాలి. వయసు పెరిగేకొద్దీ అండాల సంఖ్యా, నాణ్యతా తగ్గిపోతాయి. ఏ టానిక్కూ వాటిని తిరిగి తేలేదు.

వయసుతో నిమిత్తం లేకుండా వెంటనే రావలసినవారు వీరు: బహిష్టు 21 రోజులలోపే గాని, 35 రోజులు దాటి గాని వస్తున్నవారు, నెలల తరబడి రానివారు, బహిష్టు సమయంలో భరించరాని నొప్పి వున్నవారు, పొత్తికడుపులో చీము పట్టినవారు, ఎప్పుడైనా క్షయ సోకినవారు, గర్భం ట్యూబులో నిలిచి ఆపరేషను అయినవారు, రెండుసార్లు గర్భం పోయినవారు.

మగవారిలో చిన్నతనంలో వృషణాలు కిందికి దిగనివారు, యుక్తవయసులో గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచినవారు, అక్కడ ఆపరేషనో, పెద్ద దెబ్బో తగిలినవారు, సుఖవ్యాధులు సోకినవారు, సంభోగంలో ఇబ్బంది వున్నవారు కూడా ఆగకూడదు.

ఇద్దరూ కలిసి రండి

మా కంభం చెరువు నిండలేదంటే వాన పడిందా, వాగు పారిందా, కట్టకు గండి పడిందా అని అన్నీ విచారిస్తాం. సంతానం విషయంలో మాత్రం ఆడమనిషి నొక్కదాన్నే నిలబెట్టి అడుగుతాం! పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాని వైపు లోపం కూడా వుంటుంది. అయినా అత్తగారు కోడలిని తీసుకొస్తుంది, కొడుకును మాత్రం తీసుకురాదు. భార్యకు ఖరీదయిన పరీక్షలన్నీ అయ్యాక గాని భర్త వీర్య పరీక్షకు ఒప్పుకోడు. మరికొన్ని ఇళ్ళల్లో ఆ పరీక్ష కూడా కాకుండానే రెండో పెళ్ళి మాటలు మొదలవుతాయి. ఆ రెండో ఆమె కడుపూ పండకపోతే ఎవరిని తప్పుపడతారు?

అన్నింటిలోకీ చవకయినదీ, నొప్పి లేనిదీ వీర్య పరీక్షే. రెండు నుంచి ఏడు రోజులు భార్యకు దూరంగా వుండి, నమూనాను గంటలోపు లాబొరేటరీకి అందజేయాలి. ఫలితం బాగాలేకపోతే కుంగిపోవద్దు. వీర్యకణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది గనుక, మూడు నెలలాగి మళ్ళీ చేయించాలి. ఈలోగా పొగాకు, గుట్కా, సారా మానెయ్యాలి. కండలు పెరగడానికి హార్మోను ఇంజక్షన్లు తీసుకునే కుర్రవాళ్ళకు ఒక హెచ్చరిక: అవి వీర్యకణాల తయారీని ఆపివేస్తాయి.

స్త్రీకి ముందుగా థైరాయిడ్ మొదలైన రక్త పరీక్షలు, స్కానింగు, అవసరమైతే ట్యూబులు తెరిచి వున్నాయో లేదో చూసే ఎక్స్‌రే చాలు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి.

ఆశ పెట్టేవారితో జాగ్రత్త

2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్ళు దాటిన ఒకామె కవలలను ప్రసవించిన వార్త మీరు చదివే వుంటారు. దాన్ని చూసి "మనకింకా వయసుంది" అని కాలక్షేపం చేయకండి. ఆ గర్భానికి వాడింది వేరొక స్త్రీ దానం చేసిన అండం. ఇలాంటి చికిత్సలకు 2021లో చట్టం వచ్చింది. దాని ప్రకారం స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళు మించితే ఈ చికిత్స చేయకూడదు. ఆసుపత్రికి రిజిస్ట్రేషను కూడా వుండాలి. ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడకండి. అప్పు చేసి టెస్ట్‌ట్యూబ్ చికిత్సకు దిగేముందు, మీ ఇద్దరిలో కారణమేమిటో తేలిందా అని అడగండి. చాలామందికి మామూలు మాత్రలతోనే పని జరుగుతుంది.

మొదట మీ దగ్గరి ప్రభుత్వాసుపత్రికి రండి. అవసరమైతే ఒంగోలు రిమ్స్‌కు పంపుతారు. పాత చీటీలు, బహిష్టు తేదీలు రాసిన కాగితం వెంట తెచ్చుకోండి. మొక్కులు మొక్కుకోవద్దని నేననను. కాని మొక్కు తీరేదాకా పరీక్షలు ఆపవద్దు. ఇక ఇంట్లోని పెద్దలకు ఒక మనవి: ఈసారి కోడలిని ఆసుపత్రికి పంపేటప్పుడు కొడుకును కూడా వెంట పంపండి.