కొత్త కెమెరా, పాత వెలుతురు

2008లో కెనన్ తెచ్చిన జీ10 కెమెరాలో 14.7 మెగాపిక్సెళ్లు ఉండేవి. మరుసటి ఏడాది వచ్చిన జీ11లో పదే. సెన్సర్ సైజు మారలేదు. అంకె పెరిగితేనే కెమెరా అమ్ముడయ్యే రోజుల్లో, మసక వెలుతురులోనూ ఫొటో శుభ్రంగా రావాలని ఓ పెద్ద సంస్థ తనంతట తానే అంకె తగ్గించింది. కెమెరా మార్చాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్లకు నేను మొదట చెప్పే సంగతి ఇదే.

సెన్సర్ పని ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, పట్టి విద్యుత్తుగా మార్చడం. ఒకే పొలంలో గట్లు పోసి మడులు ఎన్ని పెంచినా కురిసే వాన పెరగదు. పైగా గట్లకు కొంత నేల పోతుంది. పిక్సెళ్ల లెక్కా అంతే. పోనీ ఆ ఫోటాన్లయినా సమంగా పడతాయా అంటే అదీ లేదు. పిక్సెల్‌కు సగటున 100 అందే చోట హెచ్చుతగ్గు సుమారు 10 ఉంటుంది, అంటే నూటికి పది. 10,000 అందితే అది 100, నూటికి ఒకటే. చీకట్లో తీసిన ఫొటోలో గ్రెయిన్స్ అని మనం విసుక్కునేది చాలావరకు ఈ హెచ్చుతగ్గునే. ఇది కాంతి స్వభావం. ఏ ఇంజినీరూ మార్చగలిగేది కాదు.

మార్చగలిగినవి వేరే ఉన్నాయి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయల్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు సెన్సర్‌గా పనికొచ్చే సీసీడీ చిప్‌ను కనిపెట్టారు. 1975లో కోడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ దాంతో తొలి డిజిటల్ కెమెరా కట్టాడు: నిలువునా అడ్డంగా వందేసి పిక్సెళ్లు, ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో ఎరిక్ ఫాసమ్ బృందం ఇప్పటి కెమెరాల్లో ఉండే సీమాస్ సెన్సర్‌కు దారి వేసింది. తర్వాత సోనీ ఆ సెన్సర్‌లో ప్రతి నిలువు వరుసకూ సంకేతాన్ని అక్కడికక్కడే అంకెలుగా మార్చే ఏర్పాటు చేసింది. దాంతో సర్క్యూట్లు సొంతంగా కలిపే రొద బాగా తగ్గింది. అలాంటి సెన్సర్ ఉన్న 2010 నాటి నికాన్ డీ7000తో తీసిన రా ఫైల్లో, అంటే సెన్సర్ పట్టిన సమాచారం యథాతథంగా ఉండే ఫైల్లో, నీడలను ఎంత పైకి లేపినా వివరం చెదరకపోవడం చూసి ఫొటోగ్రాఫర్లు ఆశ్చర్యపోయారు. అది నిజమైన ముందడుగు. అంతకు ముందటి కెమెరా వాడుతున్నవాళ్లు మారితే తేడా కళ్లకు కడుతుంది.

ఆ తర్వాత అంత పెద్ద అడుగు పడలేదు, పడే చోటూ పెద్దగా మిగల్లేదు. ఇప్పటి సెన్సర్లు తమ మీద పడే ఫోటాన్లలో సగానికి పైగా పట్టేస్తున్నాయి. రేపు నూటికి నూరూ పట్టే సెన్సర్ వచ్చినా వెలుతురు రెట్టింపు కాదు. పైగా 2024లో నికాన్ జెడ్6 త్రీ వేగం కోసం కొత్త తరహా సెన్సర్‌తో వచ్చినప్పుడు, నీడల్లో వివరం నిలబెట్టడంలో అది 2020 నాటి జెడ్6 టూ కంటే కాస్త వెనకబడింది కూడా.

మరి వెలుతురు ఎక్కడ దొరుకుతుంది? వైశాల్యంలో. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 864 చదరపు మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ సుమారు 370, జేబు కెమెరాల్లోని చిన్న సెన్సర్ 28 మాత్రమే. లేదంటే లెన్స్‌లో. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ద్వారం ఎఫ్5.6 దగ్గర ఆగిపోయే చోట (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది), తక్కువ ధరకే దొరికే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ తొమ్మిది రెట్లకు పైగా కాంతిని లోపలికి పంపుతుంది. దశాబ్దం పాటు సెన్సర్లకు చేసిన మెరుగులన్నీ కలిపినా అంత ఇవ్వలేదు. ఇక 12 నుంచి 24 మెగాపిక్సెళ్లకు వెళ్తే ఫొటో వెడల్పులో పెరిగేది 1.4 రెట్లే. ఫోర్‌కే టీవీ చూపించగలిగేది మొత్తం 8.3 మెగాపిక్సెళ్లు.

కొనే ముందు రెండు కెమెరాలనూ ట్రైపాడ్ మీద ఉంచి, ఒకే లెన్స్‌తో, ఒకే ఎక్స్‌పోజర్‌తో, సాయంత్రం ఇంట్లో వెలుతురుకు రా ఫైళ్లు తీయండి. రెండింటినీ ఒకే సైజుకు కుదించి, ఏది దేనిదో చెప్పకుండా చూపించమని ఇంట్లో ఎవరినైనా అడగండి. స్క్రీన్ మీద నూరు శాతానికి జూమ్ చేసి పోల్చవద్దు. ఎక్కువ పిక్సెళ్లున్న ఫొటో అక్కడ అకారణంగా అధ్వానంగా కనిపిస్తుంది. ఎగిరే పక్షులనో, కబడ్డీ ఆటనో తీసేవాళ్లు మాత్రం ఈ పరీక్షతోనే ఆగకూడదు. కొత్త కెమెరాల్లో ఆటోఫోకస్ కదిలే కంటిని కూడా వదలకుండా పట్టుకుంటుంది, ఆ తేడా ట్రైపాడ్ మీద కనిపించదు.