మూగబోయిన హారను

ఆస్పరి నుంచి ఆదోని వెళ్ళే దారిలో గొర్రెల మందలు అడ్డం వస్తాయి. హారను లేనిదే బండి సాగదు. మా మామ పాత జీపుకు ఒకరోజు సరిగ్గా అదే మూగబోయింది. ఎదురుగా మంద! మీట ఎంత నొక్కినా "కుయ్" అనదు.

మామ హారను వెనక స్క్రూ తిప్పబోయాడు. అందరూ చేసే తప్పే ఇది. మేస్త్రీ వచ్చి, "ఆగన్నా, ముందు దీపాలు వెయ్యి," అన్నాడు. దీపాలు ధగధగా వెలిగాయి. అంటే బ్యాటరీ బాగానే ఉంది.

పిల్లలూ, హారనులో ఏముంటుందో తెలుసా? పల్చని ఉక్కు రేకు, దాని వెనక తీగ చుట్టిన అయస్కాంతం. కరెంటు రాగానే అయస్కాంతం రేకును లాగుతుంది. లాగగానే లోపలి పాయింట్లు విడిపోయి కరెంటు తెగుతుంది. రేకు వెనక్కి పోతుంది, పాయింట్లు మళ్ళీ కలుస్తాయి. సెకనుకు కొన్ని వందలసార్లు రేకు ఇలా అదిరితే అదే మోత!

జీపులు అమెరికా సైన్యంకోసం పుట్టిన బండ్లు. వాటిలో ఒక తమాషా ఉంది. కరెంటు హారను దాకా వచ్చి ఎప్పుడూ కాచుకునే ఉంటుంది. మీట నొక్కితే అది బండి ఇనుప ఒంటిలోకి దిగి బ్యాటరీకి తిరిగి చేరుతుంది. బండి ఒళ్ళే ఒక తీగ అన్నమాట! మీట తీగకు పైతొడుగు చిరిగి ఇనుముకు తగిలిందా, హారను ఇక నోరు మూయదు.

మేస్త్రీ మీట తీగ ఊడదీశాడు. అది ఉన్నచోట మరో తీగముక్క బిగించి, రెండో కొస ఇనుముకు తాకించాడు. "భోం!" మంద చెదిరిపోయింది. హారనులో లోపం లేదు. మీట విప్పితే అడుగున దుమ్మూ, తుప్పూ! ఉప్పుకాగితంతో రుద్ది బిగించాడు, మోగింది. స్క్రూ మాత్రం ఉన్నచోటే ఉంది.